రిటైరైన దంపతులకు బ్రిటన్‌లో మ్యారేజ్ అలవెన్స్: ఎవరిది ఎవరికి, ఎలా, ఏ ఏడాదికి ఎంత

బ్రిటన్‌లో రిటైరైన చాలా తెలుగు ఇళ్లలో పరిస్థితి దాదాపు ఒకేలా ఉంటుంది. ఆయనకు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) పెన్షనో, కంపెనీ పెన్షనో వస్తుంది, దానికి తోడు స్టేట్ పెన్షన్. ఆవిడ పిల్లల పెంపకంలో కొన్నేళ్లు, పార్ట్ టైమ్ ఉద్యోగంలో కొన్నేళ్లు గడిపారు కాబట్టి నేషనల్ ఇన్సూరెన్స్ ఏళ్లు తక్కువపడి, స్టేట్ పెన్షన్ సగమో ముప్పావో వస్తుంది. ఆయన టాక్స్ కడతారు, ఆవిడకు టాక్స్ పడదు. పన్ను లేకుండా సంపాదించుకోవచ్చని ఆవిడకు ఇచ్చిన పరిమితిలో కొంత ఏటా ఎవరికీ పనికిరాకుండా పోతుంది. అందులో ఒక ముక్కను ఆయనకు బదిలీ చేసే వీలు 2015 ఏప్రిల్ నుంచి ఉంది. దాని పేరే మ్యారేజ్ అలవెన్స్. (ఆవిడే డాక్టరై, ఆయనకే చిన్న పెన్షన్ ఉన్న ఇళ్లూ ఉన్నాయి. అలాంటివాళ్లు కింద చెప్పేదంతా తిరగేసి చదువుకోండి.)

దరఖాస్తు చేయడం పెద్ద పనేం కాదు. ఏ ఏడాదికి చేస్తే ఎంత మిగులుతుందో లెక్క చూసుకోవడమే అసలు పని. స్టేట్ పెన్షన్ ఏటా పెరుగుతోంది, పన్ను లేని పరిమితి మాత్రం కదలడం లేదు. దాంతో ఈ అలవెన్స్ విలువ కొందరికి ఏడాదికేడాది కరిగిపోతోంది. అందుకే ఈ ఏడాది సంగతి తర్వాత, ముందు పాత ఏళ్ల బాకీ రాబట్టుకోండి అని నేను అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

బదిలీ అయ్యేది ఎంత

పర్సనల్ అలవెన్స్, అంటే ఒక మనిషి ఏడాదిలో పన్ను లేకుండా పొందగల ఆదాయం, 12,570 పౌండ్లు. 2021-22 నుంచీ అదే అంకె, 2031 ఏప్రిల్ దాకా పెంచబోమని ప్రభుత్వం చెప్పేసింది. ఇందులో నుంచి బదిలీ చేయగలిగేది 1,260 పౌండ్లు. అంతకు మించి ఇవ్వలేరు, సగం ఇస్తామన్నా కుదరదు. ఇస్తే మొత్తం 1,260 ఇవ్వాలి. ఇచ్చినవాళ్ల పరిమితి 11,310కి తగ్గుతుంది.

పుచ్చుకున్నవాళ్లకు వచ్చే లాభం ఆ 1,260లో 20 శాతం, అంటే 252 పౌండ్లు. ఇది ఆయన కట్టాల్సిన పన్నులో కోతగా వస్తుంది, చేతికి ఇచ్చే డబ్బు కాదు. కాబట్టి ఏడాదికి ఆయనకు పడే పన్ను 90 పౌండ్లే అయితే దొరికేది కూడా 90 పౌండ్లే. మిగతాది ఎవరికీ రాదు.

మొదటి అడుగు: మీకు వర్తిస్తుందా

చట్టప్రకారం పెళ్లయి ఉండాలి, లేదా సివిల్ పార్ట్‌నర్‌షిప్‌లో ఉండాలి. ఎన్నేళ్లు కలిసున్నా సహజీవనానికి ఇది రాదు. ఇండియాలో అక్కడి చట్టం ప్రకారం చెల్లే పెళ్లి అయితే చాలు, ఇక్కడ మళ్లీ చేసుకోనక్కర్లేదు. ఇచ్చేవాళ్ల ఆదాయం మామూలుగా 12,570 లోపు ఉండాలి. పుచ్చుకునేవాళ్లు బేసిక్ రేటు (20 శాతం పన్ను) పరిధిలోనే, అంటే 12,571 నుంచి 50,270 మధ్యలో ఉండాలి. స్కాట్లండ్‌లో ఉండేవాళ్లకు పై గీత 43,662 పౌండ్లు.

పెద్ద ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ ఉన్న కన్సల్టెంట్లు (ఆసుపత్రి సీనియర్ డాక్టర్లు) చాలామంది ఈ పై గీత దగ్గరే ఆగిపోతారు. పెన్షన్, స్టేట్ పెన్షన్, అద్దె కలిపి 50,270 దాటితే హయ్యర్ రేటులోకి వెళ్లినట్టే, మ్యారేజ్ అలవెన్స్ రాదు. కానీ గీతకు కాస్త పైన ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది, అది గిఫ్ట్ ఎయిడ్, అంటే మనం ఇచ్చిన విరాళం మీద మనం కట్టిన పన్నును చారిటీ ప్రభుత్వం నుంచి రాబట్టుకునే పద్ధతి. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికో, మరో చారిటీకో గిఫ్ట్ ఎయిడ్ కింద 800 పౌండ్లు ఇస్తే, పన్ను లెక్కలో దాన్ని 1,000గా చూస్తారు. ఆ వెయ్యి మేర బేసిక్ రేటు గీత పైకి జరుగుతుంది. ఏడాది ఆదాయం 51,000 ఉన్న మనిషికి గీత 51,270 అవుతుంది, మ్యారేజ్ అలవెన్స్‌కు అర్హత వచ్చేస్తుంది. గుళ్లో ఇచ్చిన రసీదులు దాచుకోమనేది ఇందుకే.

గిఫ్ట్ ఎయిడ్ గురించే ఇంకో మాట. ఆ కాగితం మీద టాక్స్ కట్టేవాళ్లే సంతకం పెట్టాలి. మనవాళ్లలో చాలామంది అర్చన టికెట్టు, అన్నదానం చందా భార్య పేరున రాయిస్తారు, గిఫ్ట్ ఎయిడ్ కాగితం మీద ఆవిడే సంతకం పెట్టేస్తుంది. ఆవిడ ఆ ఏడాది సరిపడా టాక్స్ కట్టకపోతే, చారిటీ రాబట్టుకున్న మొత్తాన్ని హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) ఆవిడనే కట్టమని అడగవచ్చు. సంకల్పం ఇద్దరి గోత్రనామాలతో చెప్పించుకోండి, సంతకం మాత్రం పన్ను కట్టేవాళ్లతో పెట్టించండి.

ఇద్దరిలో ఒకరు 1935 ఏప్రిల్ 6కు ముందు పుట్టినవాళ్లయితే ఇక్కడ ఆగండి. మీకు వేరే అలవెన్స్ ఉంది, ఇంతకంటే పెద్దది. దాని సంగతి కింద చెప్తాను.

రెండో అడుగు: ఆదాయం లెక్క, ఇండియా డబ్బుతో సహా

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. బ్రిటన్‌లో నివాసం ఉన్నవాళ్లకు ప్రపంచంలో ఎక్కడొచ్చిన ఆదాయమైనా లెక్కలోకి వస్తుంది. ఆవిడ పేరున హైదరాబాద్ బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ ఉందనుకోండి, దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఇక్కడ ఉంది. విజయవాడలో ఫ్లాట్ అద్దె, ఎన్‌ఆర్‌ఓ వడ్డీ కూడా అంతే. అక్కడ పన్ను కట్టి ఉంటే ఇక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు, కానీ ఆదాయంగా చూపక తప్పదు.

ఇక్కడి పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5న ముగుస్తుంది. ఇండియా బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఉంటుంది. మూడు నెలలకోసారి వడ్డీ పడే ఎఫ్‌డీ అయితే స్టేట్‌మెంట్ తీసుకుని, ఏ తేదీన పడిందో చూసి ఈ ఏడాదిలోకి సర్దుకోవాలి.

పదేళ్లకు పైగా బ్రిటన్ బయటే ఉండి, ఈమధ్యే పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన తల్లిదండ్రులకు ఇంకో మెలిక ఉంది. 2025 ఏప్రిల్ 6 నుంచి అలాంటివాళ్లు మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయానికి ఇక్కడ పన్ను మినహాయింపు అడగవచ్చు. అయితే అది అడిగిన ఏడాదికి పర్సనల్ అలవెన్స్ పోతుంది, మ్యారేజ్ అలవెన్స్ కూడా పోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

లెక్కలోకి రానివి: ఐసా (పన్ను లేని సేవింగ్స్ ఖాతా) వడ్డీ, ప్రీమియం బాండ్ల బహుమతులు, పెన్షన్ క్రెడిట్, అటెండెన్స్ అలవెన్స్, పిప్ (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే భత్యం), పెన్షన్ పాట్ నుంచి తీసుకునే పన్ను లేని పాతిక శాతం. స్టేట్ పెన్షన్ మాత్రం పూర్తిగా లెక్కే. దాంట్లో టాక్స్ పట్టుకోకుండా మొత్తం అకౌంట్లో వేస్తారు కాబట్టి దానికి పన్నే లేదని చాలామంది అనుకుంటారు. పట్టుకోరు అంతే, పన్ను లేకుండా పోలేదు.

మూడో అడుగు: ఏ ఏడాదికి ఎంత మిగులుతుంది

ఇచ్చేవాళ్ల మొత్తం ఆదాయం 11,310 లోపు ఉంటే ఆలోచించేదేం లేదు. వాళ్లకు పైసా నష్టం లేదు, పుచ్చుకున్నవాళ్లకు 252 లాభం.

11,310కి, 12,570కి మధ్య ఉంటే చిక్కు. పరిమితి తగ్గింది కాబట్టి ఆ పైన ఉన్న మొత్తానికి ఇచ్చినవాళ్లు 20 శాతం కట్టాలి. 2016 ఏప్రిల్ 6 తర్వాత పెన్షన్ వయసుకు వచ్చి, పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ తీసుకుంటూ, వేరే ఆదాయమేమీ లేని ఆవిడను తీసుకుందాం. వారం పెన్షన్‌ను 52తో గుణించి చూస్తే:

2022-23లో వారానికి 185.15, ఏడాదికి సుమారు 9,628. గీత కిందే ఉంది, ఇంటికి 252 పూర్తిగా లాభం.
2023-24లో 203.85, సుమారు 10,600. అప్పుడూ 252.
2024-25లో 221.20, సుమారు 11,502. ఆవిడకు దాదాపు 38 పౌండ్ల పన్ను, నికరంగా 213 చిల్లర.
2025-26లో 230.25, అంటే 11,973. ఆవిడకు దాదాపు 133, నికరంగా 119.
2026-27లో 241.30, సుమారు 12,548. ఆవిడకు దాదాపు 247. ఇంటికి మిగిలేది నాలుగైదు పౌండ్లు.

పూర్తి స్టేట్ పెన్షన్ ఉన్నవాళ్లకు 2026-27లో దరఖాస్తు చేస్తే వచ్చేది ఒక కాఫీ డబ్బులే. పాత ఏళ్లలో మాత్రం వందల పౌండ్లు ఉన్నాయి. ఏ ఏడాదికైనా ఆ ఏడాది ముగిశాక నాలుగేళ్ల దాకా వెనక్కి వెళ్లి అడగవచ్చు. 2022-23కు గడువు 2027 ఏప్రిల్ 5, 2023-24కు 2028 ఏప్రిల్ 5. ఒక్కో ఏడాది గడువు దాటిన కొద్దీ బంగారంలాంటి 252 అలా జారిపోతుంది.

తక్కువ స్టేట్ పెన్షన్ ఉన్న గృహిణులకు ఈ టెన్షన్ లేదు. ఏడాదికి ఆరేడు వేలే వస్తుంటే ఇంకా చాలా ఏళ్లు 252 పూర్తిగా దక్కుతుంది.

నాలుగో అడుగు: దరఖాస్తు

అలవెన్స్ ఇచ్చేవాళ్లే, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లే దరఖాస్తు చేయాలి. ఇంట్లో కాగితాల పనంతా ఆయనే చూస్తారు కాబట్టి ఆయన తన పేరుతో లాగిన్ అయి వెతుకుతారు, దొరకదు. లాగిన్ ఆవిడదై ఉండాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి: ఇద్దరి నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్లు, పుట్టిన తేదీలు, పెళ్లి తేదీ, ఆవిడ గుర్తింపు నిరూపించుకోవడానికి పాస్‌పోర్టో, పీ60నో. పెళ్లి తేదీ దగ్గర మనవాళ్లకు ఒక తికమక ఉంటుంది: పెళ్లి ఒక రోజు, రిజిస్ట్రేషన్ ఇంకో రోజు. సర్టిఫికెట్ మీద పెళ్లి జరిగిన తేదీగా ఏది రాసి ఉందో అదే అన్నిచోట్లా రాయండి.

గవ్ డాట్ యూకేలో మ్యారేజ్ అలవెన్స్ అని వెతికితే ఆన్‌లైన్ దరఖాస్తు దొరుకుతుంది. ఆన్‌లైన్ వద్దనుకుంటే ఎంఏటీసీఎఫ్ అనే ఫారం ప్రింట్ తీసి పోస్టులో పంపవచ్చు. ఇన్‌కమ్ టాక్స్ హెల్ప్‌లైన్ 0300 200 3300కు ఫోన్ చేసినా సరే. ఆవిడ సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్న్ (ఏటా తామే ఆదాయం లెక్క రాసి పంపేది) వేసేవాళ్లయితే రిటర్న్‌లోనే ఆ భాగం నింపాలి. పాత ఏళ్లకు ఏ ఏడాదికి అర్హత ఉందో ఆ ఏడాదినే ఎంచుకోండి. మధ్యలో ఒక ఏడాది ఆయన హయ్యర్ రేటులోకి వెళ్లి ఉంటే దాన్ని వదిలేయాలి.

ఈ దరఖాస్తుకు ఫీజు లేదు. మీ తరఫున మేం చేస్తాం, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి అని సోషల్ మీడియాలో ప్రకటనలు తిరుగుతుంటాయి. అవి చూడ్డానికి ప్రభుత్వ పేజీలాగే ఉంటాయి. పిల్లలతోనో మనవళ్లతోనో ఒక ఆదివారం కూర్చుంటే అయిపోయే పనికి వాళ్లకు వాటా ఎందుకు?

ఐదో అడుగు: టాక్స్ కోడ్ చదవడం

టాక్స్ కోడ్ అంటే పెన్షన్‌లో పన్ను ఎంత కోయాలో చెప్పే గుర్తు. ఆమోదం రాగానే ఆయన టాక్స్ కోడ్ చివర ఎల్ పోయి ఎం వస్తుంది, ఆవిడ కోడ్ చివర ఎన్ వస్తుంది. అలవెన్స్ మొత్తం ఒకే పెన్షన్ మీద వాడుకుంటే కోడ్ 1383ఎం, అటు 1131ఎన్. కానీ రిటైరైనవాళ్లకు ఈ అంకెలు దాదాపు ఎప్పుడూ కనబడవు. స్టేట్ పెన్షన్‌ను ముందే కోడ్‌లో తీసేస్తారు కాబట్టి.

ఒక జంటను చూద్దాం. ఆయనకు స్టేట్ పెన్షన్ 9,000, ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ 18,000. ఆవిడకు స్టేట్ పెన్షన్ 6,000, వడ్డీ 900. మ్యారేజ్ అలవెన్స్‌కు ముందు ఆయన కోడ్ 357ఎల్: 12,570లో 9,000 పోగా మిగిలిన 3,570, చివరి అంకె తీసేస్తే 357. ఏడాది పన్ను 2,886. అలవెన్స్ వచ్చాక 13,830లో 9,000 పోతే 4,830, కోడ్ 483ఎం, పన్ను 2,634. తేడా 252. ఆయన పెన్షన్ స్లిప్పులో ఇది నెలకు 21 పౌండ్లు ఎక్కువగా కనబడుతుంది. పాత ఏళ్ల డబ్బు మాత్రం విడిగా, చెక్కుగానో బ్యాంకులోకో ఆయనకే వస్తుంది.

స్టేట్ పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేని ఆవిడ 11,310 దాటితే కోసుకోవడానికి వేరే పెన్షన్ ఉండదు కాబట్టి, ఏడాది అయ్యాక హెచ్‌ఎంఆర్‌సీ సింపుల్ అసెస్‌మెంట్ అనే బిల్లు పంపవచ్చు. సాధారణంగా తర్వాతి జనవరి 31 లోపు కట్టాలి. జీవితంలో ఎప్పుడూ టాక్స్ కాగితం చూడని మనిషికి 133 పౌండ్లు కట్టమని ఉత్తరం వస్తే గాభరా సహజం. అటు ఆయనకు 252 తగ్గింది కాబట్టి ఇంటికి లాభమే. దరఖాస్తు చేసే రోజే ఈ సంగతి ఇద్దరూ మాట్లాడుకుని ఉంటే గొడవ ఉండదు.

పరిస్థితి మారితే

ఒకసారి పెట్టిన దరఖాస్తు ఏటా తనంతట తానే కొనసాగుతుంది. ఆవిడ ఆదాయం 12,570 దాటాక ఇక్కడ తగ్గింది అక్కడ పెరిగిందన్నట్టే ఉంటుంది, ఇంటికి లాభం సున్నా, ఉత్తరాల తలనొప్పి మాత్రం మిగులుతుంది. అలాంటప్పుడు ఇచ్చినవాళ్లే రద్దు చేయాలి. అయినా ఆ ఏడాది ఏప్రిల్ 5 దాకా అది నడుస్తుంది. ఆయన పన్నే 252 కంటే తక్కువైతే నిజంగా నష్టమే, రద్దు చేసేయండి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఆవిడకు పెన్షన్ తక్కువ, వడ్డీ ఎక్కువ ఉంటే మొత్తం 12,570 దాటినా బదిలీ వల్ల నష్టం ఉండకపోవచ్చు. పెన్షన్ 8,000, వడ్డీ 5,000 ఉన్న ఆవిడ పరిమితి 11,310కి తగ్గినా, మిగిలిన 1,690 వడ్డీ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల వడ్డీకి ఉండే సున్నా శాతం స్లాబులో కూర్చుంటుంది. ఇలాంటి కేసులో హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడగడం మేలు.

అలవెన్స్ ఇచ్చినవాళ్లు చనిపోతే, పుచ్చుకున్నవాళ్లకు ఆ ఏప్రిల్ 5 దాకా తగ్గింపు ఉంటుంది. పుచ్చుకున్నవాళ్లు చనిపోతే, ఇచ్చినవాళ్ల పరిమితి తిరిగి 12,570 అవుతుంది. భర్త పోయాక కూడా ఇద్దరికీ అర్హత ఉన్న పాత ఏళ్లకు ఆవిడ అడగవచ్చు, దానికి మాత్రం ఫోన్ చేయాలి. ఆ సమయంలో ఇదెవరికీ గుర్తుండదు కాబట్టి పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

తొంభై దాటినవాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు

ఇద్దరిలో ఒకరైనా 1935 ఏప్రిల్ 6కు ముందు పుట్టి ఉంటే మ్యారీడ్ కపుల్స్ అలవెన్స్ వస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు, రెండూ కలిపి రావు. 2025-26లో ఇది 11,270 పౌండ్లు, అందులో పది శాతం పన్నులో తగ్గుతుంది, అంటే 1,127 దాకా. ఆదాయం 37,700 దాటితే తగ్గుతూ వస్తుంది, అయినా 436 కంటే దిగదు. కట్టే పన్ను సరిపడా ఉంటే ఎలా చూసినా 252 కంటే ఇదే మేలు. 2005 డిసెంబర్ 5కు ముందు పెళ్లయినవాళ్లకు భర్త ఆదాయాన్ని బట్టి లెక్క, ఆ తర్వాత పెళ్లయితే ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లది. దీన్ని పంచుకోవాలంటే ఫారం 18ను ఆ పన్ను ఏడాది మొదలవకముందే పంపాలి. పన్ను చాలక మిగిలిపోయిన భాగాన్ని ఏడాది ముగిశాక ఫారం 575తో జీవిత భాగస్వామికి ఇవ్వవచ్చు.

ఫారం 575 ఇంకో దానికీ పనికొస్తుంది, బ్లైండ్ పర్సన్స్ అలవెన్స్‌కు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్న పెద్దవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. కంటి డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చి, కౌన్సిల్ తీవ్ర చూపు లోపం కింద నమోదు చేస్తే, 2025-26కు అదనంగా 3,130 పౌండ్ల పరిమితి వస్తుంది. ఆ మనిషికి పన్నే లేకపోతే మిగిలిన భాగాన్ని భర్తకో భార్యకో ఇచ్చేయవచ్చు, వాళ్ల చూపు బాగానే ఉన్నా సరే. మొత్తం బదిలీ అయితే బేసిక్ రేటులో 626 పౌండ్లు. దీనికి ఫోన్ 0300 200 3301. మన సంఘాల్లో దీని గురించి మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ.

252 కంటే పెద్ద లెక్క

పైన చెప్పిన జంటలోనే ఆయన పేరున 60,000 సేవింగ్స్ ఉండి, 4 శాతం వడ్డీ వస్తోందనుకోండి. ఏడాదికి 2,400. బేసిక్ రేటు వాళ్లకు వడ్డీలో 1,000 దాకా పన్ను లేదు, మిగతా 1,400 మీద 280 పౌండ్లు కట్టాలి. 2027 ఏప్రిల్ నుంచి వడ్డీ మీద రేటు 22 శాతం అవుతోంది, అప్పుడు 308. అదే డబ్బు ఆవిడ పేరుకు మారితే ఆవిడ మొత్తం ఆదాయం 9,300, పన్ను సున్నా. వడ్డీ మినహాయింపులు మ్యారేజ్ అలవెన్స్‌లాగా బదిలీ కావు, డబ్బే మారాలి.

ఇండియాలో భార్య పేరున డబ్బు పెడితే క్లబ్బింగ్ కింద ఆ ఆదాయం మళ్లీ భర్త లెక్కలోకే వస్తుంది. ఆ అలవాటు మీద చాలామంది ఇక్కడా అలాగే అనుకుంటారు. ఇక్కడ అలా కాదు. నిజంగా, తిరిగి తీసుకునే షరతు లేకుండా ఇచ్చేస్తే వడ్డీ ఆవిడదే. పేరు ఆవిడది, పెత్తనం ఆయనది అయితే మాత్రం అది ఇచ్చినట్టు కాదు. సగం చాలనుకుంటే జాయింట్ అకౌంట్ తెరవండి, వడ్డీ చెరి సగంగా లెక్కవేస్తారు. షేర్లు మార్చుకున్నా కలిసుంటున్న భార్యాభర్తల మధ్య ఆ సమయంలో క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు.

ఇద్దరి పేరున ఉన్న ఇంటి అద్దెను కూడా సగం సగంగానే చూస్తారు. ఆవిడకు ఎక్కువ వాటా వెళ్లాలంటే ముందు ఇంట్లో ఆవిడ హక్కు నిజంగా ఎక్కువ ఉండాలి. దానికి సొలిసిటర్ దగ్గర డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఇంట్లో ఎవరి వాటా ఎంతో చెప్పే పత్రం) రాయించి, ఆపైన ఫారం 17 మీద ఇద్దరూ సంతకం చేయాలి. సంతకం చేసిన 60 రోజుల్లోపు అది హెచ్‌ఎంఆర్‌సీకి చేరాలి. ఆలస్యమైతే ఆ కాగితం చెల్లదు, కొత్త ఫారం మీద మళ్లీ సంతకాలు పెట్టాల్సిందే.